నాలుగో నంబరు ఆయిల్ బ్రేకరు

నేను ఒక ఆయిల్ బ్రేకర్ని. మీలో చాలామంది నన్ను చూసి ఉండరు. చూడకపోవడం మీ అదృష్టమే అనుకోండి. మీ ఇంట్లో ఫ్యూజు పోతే తీగముక్క కట్టుకుని సరిపెట్టుకుంటారు. పదకొండు వేల వోల్టుల దగ్గర తీగముక్కలు పనికిరావు. అక్కడ నాలాంటివాడు కావాలి. ఎక్కడో కేబులు చెడి కరెంటు అదుపు తప్పితే నేను నా రాగి వేళ్ళను ఒకదాన్నుంచి ఒకటి లాగేసుకుంటాను. దాన్నే మనుషులు బ్రేకరు పడింది అంటారు. అలా లాగినప్పుడు వేళ్ళ మధ్య నిప్పు పుడుతుంది. ఇనుమును నీళ్ళు చేసే నిప్పు. అందుకే నా వేళ్ళెప్పుడూ తొట్టి నిండా నూనెలో మునిగి ఉంటాయి. ఆ నిప్పును నూనె మింగుతుంది. మింగిన ప్రతిసారీ కొంచెం నల్లబడుతుంది. మంచి నూనె తేనెరంగులో ఉంటుంది. నల్లబడినదాన్ని తీసేసి కొత్తది పొయ్యాలి. పొయ్యకపోతే ఏమవుతుందో మీకు చెప్పాలనే నోరు విప్పాను.

కలకత్తా పక్కన ఒక ఫ్యాక్టరీలో పుట్టాను. అక్కడ నన్ను చేసినవాళ్ళు నా తలుపు మీద రాగి రేకు బిగించి, దాని మీద నేనెంత కరెంటును ఆపగలనో చెక్కారు. ఆ తర్వాత ఆ రేకు చదివినవాళ్ళు తక్కువ. గూడ్సు బండిలో విజయనగరం వైపు ఒక జూట్ మిల్లుకు వచ్చాను. ఆరుగురం వచ్చాం. మమ్మల్ని వరసగా ఇనుప బీరువాల్లాంటి గూళ్ళలోకి చక్రాల మీద తోసి నిలబెట్టారు. నేను నాలుగోవాణ్ణి. నా చేతికి స్పిన్నింగు సెక్షను అప్పగించారు. నేను పడితే దారం తీసే మరలన్నీ ఒక్కసారిగా నిలిచిపోయేవి.

ఏటా దసరాకి మాకు పూజ జరిగేది. గుమ్మడికాయ కొట్టి, నిమ్మకాయలు కోసి కుంకుమ అద్ది మా కాళ్ళ దగ్గర పెట్టేవారు. ఈ సంగతి ఒక్క ఏడాది కూడా ఎవరూ మరిచిపోలేదు. నూనె మార్చడం మాత్రం ఎవరికీ జ్ఞాపకం ఉండేది కాదు.

మమ్మల్ని చూసుకోవడానికి ఇద్దరుండేవారు. ఒకడు లెంక పోలినాయుడు, ఇంకొకడు కోరాడ గౌరీశ్వర్రావు. ఒకే ఏడాది పనిలో చేరారు, ఒకే గదిలో అన్నం వండుకున్నారు. అంత స్నేహం మీద పోలినాయుడు తన చెల్లెలు రవణమ్మని గౌరీశ్వర్రావుకిచ్చి పెళ్ళి చేశాడు. అప్పట్నుంచి ఒకరినొకరు బావా అనుకునేవారు. చుట్టరికం కలిశాక స్నేహం పలచబడటం మనుషుల్లో మామూలేనట.

పోలినాయుడు మాట్లాడడు. రబ్బరు చేతొడుగులు లేకుండా నా పిడి ముట్టుకోడు. కాలి కింద రబ్బరు చాప లేకపోతే గదిలో నిలబడడు. గౌరీశ్వర్రావు వట్టి చేతుల్తో, నోట్లో చుట్టతో వచ్చి, మరదలి జడ లాగినట్టు నా పిడి లాగేవాడు. మనిషి నవ్వుతూ ఉంటాడు కాబట్టి అందరికీ వాడంటే ఇష్టం. బావమరిదికి గ్లౌజుల నాయుడని పేరు పెట్టింది వాడే. ఆ పేరు ముందు మా గదిలో పుట్టింది, తర్వాత మిల్లంతా తిరిగింది, ఆఖరికి క్వార్టర్లలో పిల్లలు కూడా పోలినాయుడి వెనక పడి అరిచేవారు. హెడ్డు పోస్టు వచ్చినప్పుడు అది కూడా గౌరీశ్వర్రావుకే ఇచ్చారు. ఆ రోజు పోలినాయుడు నా మీటరు అద్దం తుడుస్తూ, తుడిచిన చోటే మళ్ళీ మళ్ళీ తుడిచాడు.

శ్రీహరిబాబు అని ఎలక్ట్రికల్ ఇంజినీరొకాయన ఉండేవాడు. మంచివాడే. ఆయిల్ బ్రేకర్ల కాలం అయిపోయిందనీ, పాత గూళ్ళు అలాగే ఉంచి లోపల వాక్యూమ్ బ్రేకర్లు పెట్టించుకోవచ్చనీ పైవాళ్ళతో అంటూనే ఉండేవాడు. వాళ్ళు వింటూనే ఉండేవారు. "పని చేస్తున్నదాన్ని పారెయ్యడమెందుకయ్యా" అన్నది వాళ్ళ జవాబు. నేను పని చేస్తున్నానని వాళ్ళకెలా తెలుసో నాకు తెలియదు. నా లోపల నూనె ఏ రంగులో ఉందో చూడ్డానికి వాళ్ళెప్పుడూ రాలేదు.

ఆషాఢంలో నాలుగు రోజులు ముసురు పట్టింది. స్పిన్నింగు సెక్షను కింద కేబులు వేసిన కాలవలోకి నీళ్ళు దిగాయి. ఐదో రోజు ఉదయం షిఫ్టు మొదలైన కాసేపటికి కేబులు అతుకులో తడి చేరి, నేను పడ్డాను. శ్రీహరిబాబు విశాఖపట్నంలో ఉన్నాడు. గదిలో పోలినాయుడొక్కడే.

వర్క్స్ మేనేజరు రాజశేఖరం పరుగున వచ్చాడు. రేవులో ఓడకి ఎక్కించాల్సిన సరుకు ఆలస్యమై ఉంది, ఆయన మెడ మీద పైవాళ్ళు కూర్చుని ఉన్నారు.

"ఏమయ్యా, స్పిన్నింగు ఆగిపోయిందేం?"

"బ్రేకరు పడిపోనాది సార్. ముందు కేబులు చూడాల."

"ముందు వెయ్యి. చూడ్డం తర్వాత."

పోలినాయుడు చేతొడుగులు వేసుకుని పిడి ఎత్తాడు. నా వేళ్ళు కలుసుకున్నాయి, వెంటనే నేను పడ్డాను. గోడ అదిరింది. రాజశేఖరం మళ్ళీ వెయ్యమన్నాడు. పోలినాయుడు మళ్ళీ వేశాడు. మూడోసారి పడినప్పుడు నా మూత అంచుల్లోంచి నూనె చిమ్మి నేల మీద పడింది. కాటుకలా ఉంది. కమురు కంపు గదంతా కమ్మేసింది. రాజశేఖరం జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని గుమ్మంలోకి వెళ్ళి నిలబడ్డాడు.

"ఇంక నా వల్ల కాదు సార్," అన్నాడు పోలినాయుడు. "నూనె సచ్చిపోనాది. ఈసారేస్తే పేలిపోద్ది. ఇంజినీరుగారొచ్చీదాకా ముట్టుకోను."

అప్పటికి మరలు ఆగిపోయిన కూలీలు పదిమంది గుమ్మం దగ్గర మూగారు. వాళ్ళందరి ముందూ రాజశేఖరం అన్నాడు:

"పిరికిపందల్ని మేపుతున్నాం ఇక్కడ. వెళ్ళి గౌరీశ్వర్రావుని లాక్కురండి. ఈ మిల్లులో మగాడు వాడొక్కడే."

ఎవరో నవ్వారు. ఎవరో "గ్లౌజుల నాయుడు" అన్నారు. పోలినాయుడు నేల మీద నూనెనే చూస్తూ నిలబడ్డాడు.

గౌరీశ్వర్రావుకి ఆ రోజు మధ్యాహ్నం షిఫ్టు. చద్దన్నం ముందునుంచి లేచి, చెయ్యి లుంగీకి తుడుచుకుంటూ వచ్చాడు. నేల మీద నూనెని అప్పటికే ఎవరో గోనెసంచి వేసి కప్పారు. వాడు లోపలికి అడుగుపెడుతూనే బావమరిది వీపు మీద చరిచాడు.

"ఏటి బావా, గ్లౌజులేసుకుని కూడా బయపడిపోనావా?"

గుమ్మం దగ్గర నవ్వులు. తర్వాత వాడికి వాసన తగిలింది. నవ్వు కొంచెం తగ్గించి అడిగాడు.

"ఇదేటి, కమురు కంపు కొడతంది? ఎన్నిసార్లు పడ్డాది?"

పోలినాయుడి పెదవులు విడ్డాయి. నేను చూశాను, వాళ్ళకు నేనున్నంత దగ్గర ఇంకెవరూ లేరు. మాట నాలిక చివరిదాకా వచ్చింది. అప్పుడే గుమ్మంలోంచి మళ్ళీ ఎవడో కిసుక్కుమన్నాడు. పోలినాయుడి నోరు మూతపడింది. తల తిప్పుకుని, చేతొడుగులు విప్పి, వాటిని మడత పెట్టడం మొదలుపెట్టాడు.

"కబుర్లు తర్వాత. కానివ్వు," అన్నాడు రాజశేఖరం. ఎన్నిసార్లు పడిందో ఆయనకీ తెలుసు.

గౌరీశ్వర్రావు ఒక్క క్షణం బావమరిది వైపు చూశాడు. భుజాలెగరేశాడు. నా ముందు నిలబడి, వట్టి చేతుల్తో పిడి పట్టుకుని ఎత్తాడు.

నా పని నేను చేశాను. వేళ్ళు లాగేసుకున్నాను. నిప్పు పుట్టింది. మింగాల్సిన నూనె మింగలేక తనే అంటుకుంది. తొట్టి ముందు వైపు చీలింది, ఎందుకంటే నా తొట్టి అతుకు ఉన్న చోటు అదే, మనిషి నిలబడే చోటూ అదే. మండే నూనె వాడి ముఖం మీదా, ఛాతీ మీదా, పిడి మీద ఉన్న చేతుల మీదా పడింది. వాడు అరవలేదు. అరవడానికి గాలి పీల్చాడు, పీల్చింది మంటని.

గుమ్మం ఒక్క క్షణంలో ఖాళీ అయింది. గోడకి వేలాడే ఎర్ర బకెట్లలో ఇసక గట్టిపడి రాయిలా ఉంది, దాంట్లో బీడీ ముక్కలు గుచ్చి ఉన్నాయి. వెళ్ళిపోకుండా మిగిలినవాడు పోలినాయుడు. నేల మీద గోనె తీసి బావని చుట్టాడు. అది నా నూనె పీల్చిన గోనె. అదీ అంటుకుంది. దాన్ని విసిరేసి, తన ఒంటి మీద చొక్కా చింపి, మీద పడి దొర్లించి మంట ఆర్పాడు. "బావా, బావా" అంటూనే ఉన్నాడు. ఆ రోజు వాడి నోట్లోంచి ఎన్ని మాటలొచ్చాయో! కావాల్సిన మాట రావాల్సిన సమయం అప్పటికి దాటిపోయింది.

బతికించాడని అందరూ పొగిడారు. నిజమే, బతికించాడు.

విచారణకి పెద్దవాళ్ళు వస్తున్నారని తెలిశాక, వాళ్ళు రావడానికి ముందురోజు, రాజశేఖరం పోలినాయుణ్ణి మా గదికి పిలిపించాడు. కాలిన గోడ వంకా, చీలిన నా వంకా చూస్తూ చాలా మెత్తగా మాట్లాడాడు.

"నువ్వు జాగ్రత్త ఉన్న మనిషివి పోలినాయుడూ. ఆ రోజు నీ మాట వినాల్సింది. సరే, అయిందేదో అయింది. రేపు వాళ్ళు అడుగుతారు. వెయ్యమని నేను పిలిపించానని నువ్వంటే నా ఉద్యోగం పోతుంది. వాడు అడిగినా నువ్వు చెప్పలేదని నేనంటే నీది పోతుంది. ఉద్యోగంతో పోదు, జైలు కూడా చూస్తావు. హెడ్డు పోస్టు ఖాళీగా ఉంది. వాడెలాగూ ఇంక పనికిరాడు. ఆలోచించుకో."

పోలినాయుడు ఆలోచించుకున్నాడు. మర్నాడు అదే గదిలో అధికారి అడిగాడు.

"అంతకుముందు మూడుసార్లు పడిందన్న సంగతి గౌరీశ్వర్రావుకి తెలుసా?"

"తెలుసు సార్. నానే చెప్పాను."

"చెప్పినా వేశాడా? ఎవరైనా వెయ్యమన్నారా?"

"ఎవులూ అననేదు సార్. ఆడు మొండోడు. ఇనడు."

కాగితాల మీద కలాలు కదిలాయి. వాడి నిర్లక్ష్యం వల్లే ప్రమాదం జరిగిందని తేల్చి, ఒళ్ళంతా కట్లతో ఆసుపత్రిలో పడున్న గౌరీశ్వర్రావుని పనిలోంచి తీసేశారు. రవణమ్మ అన్న కాళ్ళ మీద పడి ఏడిస్తే, అన్న మేనేజరుతో మాట్లాడి దయతలిపించి, తన పక్క క్వార్టరు ఆ కుటుంబానికి ఇప్పించాడు. దానికి కూడా అందరూ పొగిడారు.

ఏళ్ళ తరబడి శ్రీహరిబాబు అడుగుతున్న పని వారంలో మంజూరైంది. మనిషి కాలిన వాసనకి ఉన్న బలం అర్జీకి ఉండదు. హైదరాబాదు నుంచి మనుషులొచ్చారు. మా గూళ్ళు, వెనక రాగి బద్దీలు, తలుపులు, అన్నీ అలాగే ఉంచారు. మమ్మల్ని మాత్రం చక్రాల మీద బయటికి లాగారు. మా కొలతలకే కట్టిన వాక్యూమ్ బ్రేకర్ల బళ్ళు లోపలికి తోశారు. ఇల్లు అదే, కాపరం ఉన్నవాణ్ణి గెంటేసి ఇంకొకణ్ణి దించారు. ఆ కొత్తవాడి లోపల పింగాణీ సీసాల్లాంటివి మూడున్నాయి. వాటిల్లో నూనె లేదు, గాలి కూడా లేదు. ఏమీ లేదు. నిప్పు పుడితే దానికి తినడానికి ఏమీ దొరక్క అక్కడికక్కడే చస్తుంది. వాణ్ణి వెయ్యాలంటే ఎవరూ ఎదురుగా నిలబడక్కర్లేదు. పక్క గదిలో కూర్చుని మీట నొక్కితే చాలు. గౌరీశ్వర్రావు కాలకముందు కూడా ఈ సీసాలు లోకంలో ఉన్నాయి. తెప్పించనిది మనుషులే, అందుకే వాటి మీద నాకు కోపం రాలేదు.

నా అన్నదమ్ములు అయిదుగురి తొట్ల నూనె డ్రమ్ముల్లోకి వంపుతుంటే, కాపలావాణ్ణి మంచి చేసుకుని ముసలమ్మలు సీసాలు తెచ్చి పట్టుకెళ్ళారు. మోకాళ్ళ నొప్పులకి మంచి మందట. మొదటి మీట రాజశేఖరం నొక్కాడు. కొత్త బళ్ళ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. హెడ్డు పోలినాయుడి మెడలో దండ వేసి ఫోటో తీశారు. ఫోటోలో వాడు కింది వైపు చూస్తున్నాడు.

మమ్మల్ని మిల్లు వెనక తుక్కు దొడ్లో పడేశారు. దొడ్డి గోడకవతల క్వార్టర్లు. హెడ్డు ఇల్లూ, దాని పక్కిల్లూ సరిగ్గా నా వెనకే. గోడ కూలిన చోటునుంచి వాళ్ళ వెనక పంచ నాకు కనిపిస్తుంది, మాటలు వినిపిస్తాయి.

చాలా నెలల తర్వాత గౌరీశ్వర్రావు ఇంటికొచ్చాడు. కళ్ళు రెండూ పోయాయి. చేతివేళ్ళు కాలి అరచేతికి అతుక్కుని గుప్పిళ్ళలా అయిపోయాయి. ముఖం గురించి చెప్పను. వాణ్ణి చూసి పక్కింటి పిల్లలు మొదట జడుసుకున్నారు, తర్వాత అలవాటు పడ్డారు. రవణమ్మ ముద్దలు కలిపి తినిపించేది.

ఒక రోజు ఎండ వేళ భార్యా, బావమరిదీ చెరోవైపు పట్టుకోగా వాడు దొడ్లోకి వచ్చాడు. నన్ను తాకి చూస్తానన్నాడట. గుప్పిడి చివర్లతో నా చీలిక అంచులు తడిమాడు.

"ఇదేనా?"

"ఇదే బావా," అన్నాడు పోలినాయుడు.

"రవణా, ఎండగా ఉన్నాది. నువ్వింటికెల్లు. బావ తీసుకొస్తాడు."

ఆమె అడుగుల చప్పుడు గోడ దాటేదాకా ఆగాడు.

"ఆ రోజు నాను నిన్నొకటడిగాను. గేపకముందా?"

పోలినాయుడు పలకలేదు.

"ఆ రోజూ ఇలాగే పలకనేదు. కమురు కంపు నాకు తెలీదా బావా? ఇన్నేళ్ళు సేసినోణ్ణి. అయినా నీ మొకం సూసాను. పడుంటే బావ సెప్పడా అనుకున్నాను. నువ్వు బయపడే మనిసివి, అలాటోడివి నోరెత్తనేదంటే ఏటీ నేదనుకున్నాను. నీ బయాన్ని నమ్మి పిడెత్తాను."

పోలినాయుడు నా ముందు మట్టిలో కూలబడ్డాడు.

"తర్వాతెవులో సెప్పారు. నువ్వు సెప్పినావట. నానే ఇననేదట."

"బావా, నన్ను సంపీ. రవణకి సెప్పీ. ఊరందరికీ సెప్పీ." పోలినాయుడు వాడి కాళ్ళు పట్టుకున్నాడు.

"సెప్పను." గౌరీశ్వర్రావు గొంతులో కోపం లేదు. "సెప్తే అది నిన్ను గుమ్మం ఎక్కనివ్వదు. నువ్వు రాకపోతే ఎలాగ? రేపట్నుంచి రెండు పూటలా నువ్వొచ్చి నాకన్నం తినిపించాల. నీ సేత్తోనే."

పోలినాయుడు అడిగాడు, "ఎన్నాళ్ళు బావా?"

"నానున్నన్నాళ్ళు. డాట్టరు గుండె గట్టిదన్నాడు."

మర్నాటినుంచి మొదలైంది. పొద్దున పనికి వెళ్ళేముందు ఒకసారి, సాయంత్రం వచ్చాక ఒకసారి. పోలినాయుడు పంచలో పీట వేసుకుని కూర్చుని, కంచంలో అన్నం కలిపి, బావ నోటికి అందిస్తాడు. ఆ రోజు మడత పెట్టిన చేతొడుగులు వాడికి ఇప్పుడు అక్కర్లేదు. వట్టి చేత్తోనే ఆ కాలిన పెదవుల్ని ముట్టుకోవాలి. పెదవుల పక్కనుంచి జారినది తుడవాలి. రవణమ్మ గుమ్మంలో నిలబడి చూసి కళ్ళు ఒత్తుకుంటుంది. "అన్నంటే మాయన్నే. కన్నతల్లి సేస్తదా ఇలాగ?" అని ఇరుగుపొరుగుకి చెప్పుకుంటుంది. ఆ మాట వినిపించినప్పుడల్లా గౌరీశ్వర్రావు తల ఊపుతాడు. "అవును మరి," అంటాడు.

మొదటి ముద్ద మింగాక రోజూ ఒకటే అడుగుతాడు, అందరికీ వినిపించేట్టు.

"బావా, ఎన్నిసార్లు పడ్డాది?"

"పడనేదు," అంటాడు పోలినాయుడు.

రవణమ్మ నవ్వుతుంది. "కళ్ళు పోయినా ఈయన మనసంతా ఆ బ్రేకర్ల మీదే. అయి కొత్తయి గదా, పడవు." రెండో ముద్ద వెళుతుంది. ఉదయం అదే. సాయంత్రం అదే. చవితి పండగ నాడు పాయసం పెడుతూ కూడా అదే. పోలినాయుడు చిక్కిపోయాడు. హెడ్డుకి జబ్బేదో పట్టుకుందని మిల్లులో అనుకున్నారు. రాజశేఖరం పెద్ద జీతం మీద ఇంకో మిల్లుకి వెళ్ళిపోయాడు.

తుక్కు కొన్నవాళ్ళు గ్యాసు కట్టర్లతో దిగి, నా అన్నదమ్ముల్ని కోసుకుపోయారు. నా తొట్టి పట్టుకుపోయారు, రాగి వేళ్ళు పట్టుకుపోయారు. మిగిలిన చట్రం రేపు కోస్తారు. ఈ సాయంత్రం ఇంకా ఇక్కడే ఉన్నాను కాబట్టి ఇది కూడా చూశాను.

పోలినాయుడు వచ్చి పీట వేసుకున్నాడు. వంకాయ కూర కలిపి మొదటి ముద్ద పెట్టాడు. గౌరీశ్వర్రావు నిదానంగా నమిలి మింగాడు.

"బావా, ఎన్నిసార్లు పడ్డాది?"

పోలినాయుడి చెయ్యి కంచంలోనే ఉండిపోయింది. పెదవులు విడ్డాయి. ఈసారి మూతపడలేదు.

"మూడుసార్లు," అన్నాడు. "మూడుసార్లు పడ్డాది బావా. నూనె నల్లగైపోనాది. ముట్టుకోకు."

గుమ్మంలో రవణమ్మ ఉలిక్కిపడింది. "నూనేటి అన్నియ్యా? ఆటిల్లో నూనె నేదన్నావు గదా?"

పోలినాయుడి భుజాలు కదులుతున్నాయి. రవణమ్మ అన్న ముఖం వంక, మొగుడి ముఖం వంక మార్చి మార్చి చూసింది. అన్నకి ఒంట్లో బాగోలేదనుకుందో ఏమో, మంచినీళ్ళు తేవడానికి లోపలికి వెళ్ళింది.

గౌరీశ్వర్రావు కళ్ళులేని ముఖం బావమరిది వైపు తిప్పి, నోరు తెరిచాడు.

"సల్లారిపోతంది. ఇంకో ముద్దెట్టు."